యాదమ్మ మేకకు నేనిచ్చిన నోటీసు

అది 2023 ఎండాకాలం. అప్పటికే ఎన్నో ఏళ్ళుగా నేను నాంపల్లి ప్రాంతంలో మునిసిపల్ వెటర్నరీ విభాగంలో సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. మమ్మల్ని కుక్కలు పట్టేవాళ్ళనే చాలామంది అనుకుంటారు. ఇళ్ళ మధ్య కోళ్ళు, మేకలు, బర్రెలు పెంచితే వచ్చే ఫిర్యాదులూ మాకే వస్తాయి. కొన్ని వాసన గురించి, చాలావరకు అరుపుల గురించి.

ఆ రోజు యాప్‌లో వచ్చిన ఫిర్యాదు అబిడ్స్ వెనక గల్లీలోని ఒక అపార్ట్‌మెంట్ నుంచి. వాచ్‌మన్ భార్య మేకను పెంచుతోందట, అది పగలంతా అరుస్తోందట. పంపింది అపార్ట్‌మెంట్ సెక్రటరీ. నేను వెళ్ళేసరికి గేటు దగ్గరే ఉన్నాడు. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, చేతిలో ఫోను, ఫోన్లో మేక అరుపుల రికార్డింగులు.

"ఫోన్ మాట్లాడుదామంటే అవతలోళ్ళకు మేకనే ఇనబడ్తది మేడం. మేకన్నా పోవాలె, లేకుంటే నెలాఖరుకు వాచ్‌మన్‌నన్నా మారుస్తం" అన్నాడు.

వాచ్‌మన్ పనంటే జీతం ఒక్కటే కాదు, మెట్ల కింద తలదాచుకునే గది కూడా. అది పోతే ఆ కుటుంబం రోడ్డు మీద పడుతుంది. ఆయన మాట్లాడుతున్నంతసేపూ గోడకవతల షాపు జనరేటర్ దడదడలాడుతూనే ఉంది. దాని మీద మాత్రం ఫిర్యాదు లేదు. జనరేటర్ పెట్టుకోగలిగినవాడు ఎదురు మాట్లాడగలడు కదా.

వాచ్‌మన్ భార్య పేరు యాదమ్మ. నల్లగొండ వైపు నుంచి వచ్చినవాళ్ళు. "ఇది నా అరణం మేక మేడం" అంది. అరణమంటే పెళ్ళినాడు తల్లిగారింటివాళ్ళు ఆడపిల్లకిచ్చే జీవం. దాని మీద మగడికి హక్కు లేదు, దాని సంతానమూ ఆమెదే. అప్పుడు వాళ్ళమ్మ ఇచ్చిన మేకకు ఇది మనవరాలు. ఆ గదిలో యాదమ్మ నాది అని చెప్పుకోగలిగింది అదొక్కటే.

మా పద్ధతి ఇలా ఉంటుంది. ముందు ఇన్‌స్పెక్షన్, అంటే వెళ్ళి చూడటం. తర్వాత నోటీసు. గడువయ్యాక రీ-ఇన్‌స్పెక్షన్, అంటే మళ్ళీ వెళ్ళి చూసి ఫైలు మూసెయ్యడం. ఆ రోజు నేను చూసిందేమిటో చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. మేక ఉందా, ఉంది. అరుస్తోందా, అరుస్తోంది. రెండు టిక్కులు పెట్టాను. ఎందుకు అరుస్తోంది అనే గడి మా ఫారంలో లేదు, నాకూ అడగాలని తోచలేదు. మూడు రోజుల్లో శబ్దం ఆపాలని రాసి ఇచ్చాను.

"ఏం రాసిన్రు మేడం? నాకు సదువు రాదు."

"మేక అరవొద్దని రాసిన. మళ్ళ కంప్లైంట్ వస్తే మావోళ్ళొచ్చి తీస్కపోతరు."

"అరవకుంటే ఉంచుకోవచ్చునా?"

"అరవకుంటే నిన్నెవరేమంటరు" అని బండెక్కాను.

నాలుగో రోజు సెక్రటరీ ఫోన్ చేసి, "ఫస్ట్ క్లాస్ మేడం, చప్పుడే లేదు" అన్నాడు. బయట ఎండ మండిపోతోంది. కుర్చీలోంచి కదలకుండానే పాత ఫోటో జతచేసి, పరిష్కారమైంది అని నొక్కేశాను.

వారం తర్వాత, మధ్యాహ్నం భోజనాల వేళ, యాదమ్మ మా ఆఫీసుకు వచ్చింది. మేకను భుజాల మీద వేసుకుని అబిడ్స్ నుంచి ఎండలో నడిచి వచ్చింది. మేక మూతికి చిక్కం ఉంది. ఎడ్లు చేలో మూతి పెట్టకుండా కట్టే తాళ్ళ బుట్టనే చిక్కం అంటారు. అది చాలదన్నట్టు లోపల పాత చీర గుడ్డ పెట్టి బిగించి కట్టింది. మేక డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి, కళ్ళు లోపలికి పోయాయి.

"అరుస్తలేదు మేడం, మీరు చెప్పినట్లే చేసిన. గని నిన్నటి సంది నిలబడ్తలేదు. జర సూడున్రి."

"మరి మేత ఎట్ల పెడ్తున్నవ్?"

"పొద్దుగాల స్కూలు బస్సులొచ్చే టైంల ఇప్పుతున్న. ఆ లొల్లిల అరిచినా ఇనబడది. బస్సులు పోంగనే మల్ల కడ్తున్న."

"ఈడికొచ్చినంకనన్నా ఇప్పకపోయినవా?"

ఆమె నా వైపు వింతగా చూసింది. "మీ ఆఫీసుల అరిస్తే మీరే పట్టుకుంటరని."

నాకు ఒళ్ళు మండిపోయింది, ముందు నా మీదే. కత్తెరతో ఆ గుడ్డ కోసి, బకెట్‌తో నీళ్ళు పెట్టాను. తలెత్తకుండా తాగింది. సెలైన్ ఎక్కించాక కాసేపటికి అరిచింది. పక్క గదిలోవాళ్ళు తొంగిచూసి ఊరుకున్నారు. అప్పుడు అడిగాను, మొదటి రోజే అడగాల్సిన మాట.

"అసలు ఎందుకు అరుస్తుండె?"

"నీళ్ళకు మేడం. సెక్రటరీ సారు మా నల్లాకు తాళమేసిండు. పొద్దుగాల రెండు బకెట్లిస్తరు, మాకే సాలవు. పగటాల దానికి యాడికెళ్ళి తేవాలె?"

ఆమె వెంటే వెళ్ళాను. సెక్రటరీ ఏమీ దాచలేదు. "ట్యాంకర్లు కొంటున్నం మేడం, మనుషులకే సాల్తలేవు. నేనైతే ఆ మేకను ముట్టుకోను గూడ ముట్టుకోలే" అన్నాడు. సెల్లార్‌లో ఎవరిదో కారును అదే నీళ్ళతో, పైపు పెట్టి కడుగుతున్నారు.

నిజమే, ఆయన ముట్టుకోలేదు. నేనూ ముట్టుకోలేదు. ఆయన నల్లాకు తాళమేశాడు, నేను కాగితం ఇచ్చాను, కట్టిన చేతులు మాత్రం యాదమ్మవి. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడుగుతున్న నోటిని ముగ్గురం కలిసి మూశాం. ఆమె భయంతో మూసింది, మేమిద్దరం ఒళ్ళు కొవ్వెక్కి మూశాం.

"దప్పికతో జీవాన్ని చంపితే నేరం. తాళం ఎవరిదైతే కేసు వాళ్ళ మీద రాస్త" అన్నాను. అలా రాయగలనో లేదో నాకే తెలియదు. తాళం తీసేదాకా మాత్రం అక్కడినుంచి కదల్లేదు. వాచ్‌మన్‌ను మారుస్తామన్న మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు. ఆఫీసుకొచ్చి ఆ ఫైలు తిరిగి తెరవమంటే, "మూసినదాన్ని ఎందుకు కెలుకుతవమ్మా" అన్నారు మా పైవాళ్ళు. రికార్డులో అది ఇవాళ్టికీ పరిష్కారమైన ఫిర్యాదే.

అప్పటి నుంచి శబ్దం ఆపాలని నేను నోటీసు రాయలేదు. ఫారంలో గడి లేకపోతే మార్జిన్‌లో రాస్తున్నాను, ఎందుకు అరుస్తోందో. దప్పికకో, ఎండకో, పిల్ల కనబడకో, ఏదో ఒకటి ఉంటూనే ఉంది. ఈ పనిలో ఇన్నేళ్ళున్నాక ఇంత చిన్న సంగతి ఒక మేక దగ్గర నేర్చుకోవాల్సి వచ్చింది.

నెల తర్వాత ఎవరూ పిలవకుండానే ఆ గల్లీకి వెళ్ళాను. మేక నీడలో నెమరేస్తోంది, పక్కన తొట్టి నిండా నీళ్ళున్నాయి. నన్ను చూసి తలెత్తింది. యాదమ్మ తోముతున్న గిన్నె అక్కడే పడేసి ఉరికొచ్చి, దాని మూతిని రెండు చేతులతో బిగించి పట్టుకుంది.

"అరుస్తలేదు మేడం" అంది.

"అరవనీ యాదమ్మా" అన్నాను.

నేను గేటు దాటేదాకా ఆమె చేతులు తియ్యలేదు.