కోటు మాట, బనీను మాట

నోట్లో నాలుగు ఇంగ్లీషు ముక్కలుంటే చాలు, చిరిగిన చెప్పులతో కూడా దొరలా నడవగలిగిన కాలం ఒకటుండేది. ఆ కాలంలోనే నేను దేశనూరు నుంచి బళ్ళారి వచ్చి ఒక కచేరీలో గుమాస్తాగా చేరాను. సాయంత్రాలు సత్యనారాయణపేటలో మా మేనమామ ఇంటి అరుగు మీద ఇంగ్లీషు ట్యూషను. మామ సిద్ధాంతం ఒకటే. ఇంగ్లీషులో ప్రతి సంగతికీ రెండు మాటలుంటాయి, ఒకటి కోటు మాట, ఒకటి బనీను మాట. 'బిగిన్' బనీను, 'కమెన్స్' కోటు. 'హౌస్' బనీను, 'రెసిడెన్స్' కోటు. "బనీను ఏసుకోని కచేరీకి పోతావేందప్పా?" అనేవాడు. (ఆయన మాత్రం ఎండాకాలమంతా బనీను కూడా లేకుండానే పాఠం చెప్పేవాడు.) నేను వింటూ వింటూ, తలుపు సందులో కనబడే జడకుచ్చుల వైపు చూస్తూ ఎక్కడికో తేలిపోయేవాణ్ణి. ఆ జడ మామ కూతురిది. పాఠం నాకన్నా ఆమెకే బాగా వంటబట్టిందని తర్వాత తెలిసింది.

ఆమె అంటే నాకు ప్రాణం. కచేరీలో ఫైలు తెరిస్తే అక్షరాలు కనబడేవి కావు. కిటికీ అవతల కోటగుట్ట మీద ఎండ మెల్లగా ఎర్రబడుతుంటే, మేమిద్దరం ఆ మెట్లెక్కుతున్నట్టే ఉండేది. చివరికి పెద్దవాళ్ళు మాట కలుపుకున్నారు. ఒక ఆదివారం మా అమ్మ ముందర, ఆమె కాఫీ తెచ్చి నిలబడి ఉండగా, మామ గొంతు సవరించుకుని, ఈ సంబంధం నీకు సమ్మతమేనా అని ఇంగ్లీషులో అడిగాడు. 'లైక్' అనబోయి నాలుక కరుచుకున్నాను. పెళ్ళి మాటకు బనీనా! లేచి నిలబడి, "ఐ హావ్ నో అబ్జెక్షన్, సార్" అన్నాను.

మామ మొహం వెలిగిపోయింది. ఆమె మాత్రం కాఫీ పళ్ళెం ఠప్పున పెట్టి లోపలికి పోయింది. కాసేపటికి గొంతు వినబడింది. "నాకొద్దు నాయనా. అబ్జెక్షన్ లేదని కచేరీలో ఎవురి అర్జీ మీదైనా రాస్తారు. నేనేమన్నా అర్జీనా?"

మామ కోటు మాటలన్నీ వెతుక్కోసాగాడు. "నీ ఇంగ్లీషు మన్నుగాను!" అని అమ్మ తల పట్టుకుంది. అంతా అయిపోయిందనుకుని చెప్పులు వెతుక్కుంటుంటే ఆమె గడప దగ్గరికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"బావా, నేను బేకా, బేడవా? ఒక్క మాట చెప్పిపో," అంది, బడిలో నేర్చిన కన్నడంలో. కావాలా, వద్దా, అంతే. దానికి కోటూ లేదు, బనీనూ లేదు.

"బేకు!" అన్నాను. అంత చిన్న మాట నా నోటినుంచి అంత పెద్దగా ఎప్పుడూ రాలేదు. వీధిలో పోతున్న సోడా బండివాడు ఆగి, "ఎష్టు బేకు సామీ, ఎన్ని?" అని అడిగాడు.

అందరికీ తలా ఒకటి తాగించాక గానీ ఆమె నవ్వు ఆగలేదు.

ఇప్పటికీ సాయంత్రం కాఫీ గ్లాసు పట్టుకొచ్చి "బేకా?" అంటుంది. నేను మోకాళ్ళు పట్టుకుని కావాలనే లేచి నిలబడి, "నో అబ్జెక్షన్" అంటాను. గ్లాసు వెనక్కి పోతుంది. అరుగు కింద చెప్పులు వెతుక్కుంటున్న ఆ వెర్రివాడు కళ్ళముందు కదులుతాడు. వాణ్ణి చూసి నవ్వుకుని, "బేకు, బేకు" అంటూ చెయ్యి చాస్తాను.