జ్ఞానదంతానికి పెట్టిన ప్రస్థానం

మా అవ్వ బతికున్నంత కాలం ఒక కథ చెప్పేది. నా జ్ఞానదంతం పీకించడం వారం పాటు వాయిదా పడిందనీ, అందువల్ల నా దవడ గుమ్మడికాయంత అయిందనీ, దానికంతా కారణం పక్కింటి అత్తేననీ. వినేవాళ్ళు అత్త వంక చూసి నవ్వేవారు. ఆ కథలో దవడ నిజం, వాయిదా నిజం. అత్త సంగతే నిజం కాదు.

అప్పుడు నేను పాండిచ్చేరి బజారులో మా నాన్న ఇత్తడి పాత్రల అంగడిలో కూర్చునేవాణ్ణి. పెళ్ళీడు కుర్రాణ్ణి. కుడి దవడ చివర పన్ను అడ్డంగా మొలిచి, నమిలినప్పుడల్లా ప్రాణం తీసేది. పళ్ళ డాక్టరు చూసి శుక్రవారం పొద్దున రమ్మన్నాడు.

అవ్వకు డాక్టరు మీద అభ్యంతరం లేదు, శుక్రవారం మీద ఉంది. ఆ రోజు పడమరకు వారశూల, అటు బయలుదేరకూడదు. డాక్టరు ఉండేది మా ఇంటికి సరిగ్గా పడమర. ఇలాంటి చిక్కుకు మావాళ్ళ దగ్గర ఒక ఉపాయం ఉంది. చెడ్డ రోజున బయలుదేరక తప్పకపోతే, ముందురోజే మంచి వేళ చూసి ప్రయాణపు మూటను పక్కింట్లో పెడతారు. దాంతో ప్రయాణం మొదలైపోయినట్టే. మర్నాడు మనిషి వెళ్ళి మూటను కలుసుకుంటాడు. ప్రస్థానం పెట్టడమంటే అదే. కాశీకి పోయేవాళ్ళ కోసం పుట్టిన ఆ ఉపాయాన్ని అవ్వ సైకిలు మీద పావుగంట దూరానికి వాడింది. గురువారం సాయంత్రం పసుపు గుడ్డసంచిలో తువ్వాలు, చొక్కా సర్ది అత్త చేతికిచ్చింది.

"ఇది మళ్ళా మా గడప తొక్కకూడదు అమ్మణ్ణీ. తొక్కితే పని చెడతాది."

"నా బిడ్డ మాదిరి చూసుకుంటా పెద్దమ్మా," అంటూ అత్త సంచిని వాళ్ళ తిన్నె మీద గోడవారగా పెట్టింది. రోజూ సాయంత్రం వాళ్ళిద్దరూ ఆకూవక్కా వేసుకుంటూ కబుర్లాడే అరుగు అదే. అవ్వకు రోజంతా ఆ గంట కోసమే గడిచేది.

నా ధైర్యం మాత్రం అంతకుముందే పోయింది. అంగడికి వచ్చిన ఒకాయన తన పన్ను కథ చెప్పాడు. "డాక్టరు నా గుండె మీద మోకాలు పెట్టి లాగినాడు అబ్బోడా. పన్నుతో పాటు నేనూ లేచినాను."

తెల్లవారి అత్త కొళాయి దగ్గరికి పోగానే, నేను సంచి తెచ్చి మా గడప లోపల పెట్టేశాను. నోటినిండా పళ్ళపొడి వేసుకుని పెరట్లోకి పోయాను. కాసేపటికి గోడకు అటూ ఇటూ మాటలు వినిపించాయి.

"నేను పెట్టలేదు పెద్దమ్మా."

"అయితే సంచికి కాళ్ళొచ్చినాయా?"

"మా ఇంట్లో ఎవురూ ముట్టలేదు."

"మీరు ముట్టలేదు, మేము ముట్టలేదు. పీకేదానికి ఓపిక లేక డాక్టరే వచ్చి పెట్టిపోయినాడా ఏంది?"

నేను పళ్ళు తోముతూనే ఉన్నాను.

ప్రయాణం ఆగిపోయింది. అవ్వ ఆ తిన్నె ఎక్కడం మానేసి, మా ఇంట్లో గోడకు ఎదురుగా కూర్చుని ఒంటరిగా ఆకు నమిలేది. పన్ను ఆ వారమంతా నా మీద పగ తీర్చుకుంది. దవడ ఉబ్బి, నోరు తెరుచుకోక, ఇడ్లీని చిదిపి వేలితో తోసుకునేవాణ్ణి. వీధిలో పోయేవాళ్ళను పిలిచి అవ్వ నా చెంప చూపించేది. "చూసినారా, సంచి చేసిన పని." మళ్ళీ శుక్రవారానికి ప్రస్థానం అత్తవాళ్ళకు అవతలింట్లో పెట్టింది. సంచిని అత్త గుమ్మం ముందు నుంచే, ఆమె చూస్తుండగా మోసుకుపోయింది.

డాక్టరు గుండె మీద మోకాలు పెట్టలేదు. సూది గుచ్చాడు, ఎవరిదో పన్ను విరిగినట్టు చప్పుడయింది, అంతే. చల్లటివి తినమన్నాడు. "పన్ను పీకినోడికి చల్లది పెడితే జలుబు చేయదా?" అని అవ్వ పొగలు కక్కే మిరియాల చారు పోసింది. నా కేక గోడ దాటింది. కాసేపటికి అత్త చెంబుతో చల్లటి రాగి అంబలి తెచ్చి మా అరుగు మీద పెట్టి నిలబడింది.

అవ్వ కరిగిపోయింది. "పోనీలే అమ్మణ్ణీ. మనిషన్నాక తప్పు జరగతాది. నేను మనసులో పెట్టుకోను."

చేయని తప్పుకు క్షమ దొరికిన అత్త, "సరి పెద్దమ్మా," అని అవ్వ చాచిన ఆకు అందుకుంది. నా నోట్లో దూది ఉంది. దాన్ని సాయంత్రానికి తీసేశాను. చెప్పాల్సిన మాట మాత్రం లోపలే ఉండిపోయింది.

అవ్వ పోయి చాలా కాలమైంది. అత్తా మామా ముదలియార్‌పేటకు మారారు. మొన్న ఒక పెళ్ళిలో అత్తకు తాంబూలం సంచి ఇస్తుంటే ఎవరో, "ఆమెకియ్యొద్దు, సంచి మళ్ళా మన ఇంటికే తిరిగొస్తాది," అన్నారు. అందరితో పాటు అత్తా నవ్వింది. కళ్ళు మాత్రం నవ్వలేదు. మర్నాడే వాళ్ళింటికి పోయాను.

"అత్తా, ఆ సంచి తెచ్చి పెట్టింది నేనే. పీకుతారని భయమేసి."

అత్త వక్క కొరకడం ఆపింది. "నువ్వా? నేను మీ మామ అనుకుంటినే. తిన్నె మీద అడ్డమని తీసి పెట్టేసినాడని ఆ మనిషితో నెల దినాలు మాట్లాడలా."

లోపల మామ పేపరు దించాడు. "దానికా? ఎందుకు మాట్లాడలేదో నాకు ఇంతవరకు తెలీదు."

అత్త ఆయన వైపు చూడలేదు. "ఇప్పుడు నా చెవిలో చెప్పి ఏం లాభం? మీ అవ్వ ఊరంతా చెప్పింది. నువ్వూ ఊరంతా చెప్పు," అంది. ఆకు చుట్టుకుని తను వేసుకుంది గాని, నాకివ్వలేదు.

ఊరు అప్పటికంటే పెద్దదైపోయింది. ఇంటింటికీ తిరిగే ఓపిక లేక ఇలా రాశాను.