చుట్టం కాసిన చేను

నేనొకసారి రెండు రోజులపాటు జొన్నచేను కాశాను. ఈ సంగతి గొప్పగా చెప్పుకున్నప్పుడల్లా మా ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. నవ్వనీండి. ఆ తర్వాత ఉద్యోగం చేశాను, పుస్తకాలు రాశాను, నలుగురిలో మెడలో దండలు కూడా వేయించుకున్నాను. కానీ రొమ్ము విరుచుకుని ‘ఇది నేను చేశాను’ అని చెప్పాలనిపించేది మాత్రం ఆ చేను గురించే.

మద్రాసు ప్రభుత్వం రోజులవి. మేం గిద్దలూరులో ఉండేవాళ్ళం. గుంటూరులో ఇంటర్మీడియట్ చదివి, పరీక్ష తప్పి, మళ్ళీ రాసి, మళ్ళీ తప్పాను. నాయన నాతో మాట్లాడటం మానేశారు. వీధిలో కాలు పెడితే చాలు, ప్రతివాడూ “పరీక్ష ఏమైంది?” అనేవాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకో! ఆ బాధ పడలేక పగలంతా ముసుగుతన్ని పడుకునేవాణ్ణి.

మా ఇంటికి నెయ్యి పోసే అవ్వ ఒకామె ఉండేది. రాచర్ల దాటి పోతే నల్లమల అంచున, కొండ కింద, ఇరవై గడపల ఊరు ఆమెది. ఒకనాడు నెయ్యి పోసి, నా ముసుగు చూసి, “ఏందమ్మా, కోడెదూడని కట్టేసినట్ల బిడ్డని ఇంట్లో కట్టేసినారు? పది దినాలు మాయింటికి పంపు” అంది మా అమ్మతో. అమ్మ పంపింది. నాయన అడ్డు చెప్పలేదు. నా మొహం చూడకుండా ఉండటం ఆయనకూ హాయే.

బండి వాగు దాకానే వచ్చింది, అక్కణ్ణించి నడిచాం. ఊళ్ళో రాతిగోడల మీద బోదగడ్డి కప్పులు. పగటిపూట ఒక్క గొంతు వినపడేది కాదు, ఎందుకంటే మనుషులంతా చేలల్లోనే. కార్తీకమాసం, పచ్చజొన్న పాలకంకి మీద ఉంది. చేనుకొక మంచె, మంచెకొక మనిషి. పొద్దు పొడుస్తూనే కొండమీంచి చిలకలు గుంపులు గుంపులుగా దిగేవి. గంటసేపు ఆదమరిస్తే కంకి మీద గింజ మిగలదు.

ఇంట్లో అవ్వ ఒక్కతే. మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. కొడుకు గొర్రెలమందతో అడవిలో మేతకు పోయాడు, పుష్యం దాకా రాడు. కూతుర్ని కొండల నడుమ కనుమదారి దాటి అవతలి ఊరికి ఇచ్చింది. ఆ పిల్ల అప్పుడు నెలలు నిండి ఉంది.

నాకు రెండుపూటలా వరి అన్నం, దాని మీద చేరెడు నెయ్యి. కంభం చెరువు కింద పండిన బియ్యం నెయ్యికి మార్చి తెచ్చుకుని, చుట్టాల కోసమని చిన్న కుండలో దాచేది. తను మాత్రం పొయ్యి దగ్గర నాకు వీపు పెట్టి కూర్చుని జొన్నసంగటి తినేది. మూడోనాడు నాకూ సంగటే పెట్టమన్నాను. అవ్వకు రోషం పొడుచుకొచ్చింది.

“సుట్టానికి సంగటి పెట్టేంత సెడిపోయిందా మా కొంప?”

ఇక అన్నమే తిన్నాను. అంతకంటే కష్టం ఇంకోటి ఉంది. కనపడిన వాళ్ళందరితో అవ్వ “మా సుట్టం శానా సదివినోడు, గుంటూరులో సదివినాడు” అని చెప్పేది. నిజం చెప్పే ధైర్యం లేక తల దించుకునేవాణ్ణి.

ఎనిమిదోనాడు పొద్దున్నే కనుమ అవతలి నుంచి ఒక మనిషి పరుగున వచ్చాడు. “నొప్పులు మొదలైనయి. అమ్మ రావల్ల, అమ్మ రావల్ల అంటాంది” అన్నాడు. అవ్వ గబగబా మూట కట్టింది. కట్టిన మూట ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూలబడింది.

ఆమెకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. కిందటి కాన్పులో కూతురికి బిడ్డ దక్కలేదు, ఆ పిల్ల కూడా చావు తప్పి బయటపడింది. పోదామంటే చేను. కిందటేడు వానల్లేక పంట మాడిపోయింది, ఈసారి ఇంటికి తిండీ విత్తనమూ ఈ చేనే. ఊళ్ళో ఎవరి మంచె వాళ్ళకే సరి, ఇంకొకరి చేను కాయడానికి మనిషి లేడు.

“నువ్వు పో అవ్వా, చేను నేను కాస్తా” అన్నాను.

“నువ్వా? సుట్టాన్ని మంచె ఎక్కించిందని ఊరు నా మొగాన ఉమ్మేస్తాది. నా బిడ్డని దేవుడే సూసుకుంటాడు లే.”

ఆ మాటకు నాకు ఒళ్ళు మండిపోయింది.

“దేవుడొచ్చి మంత్రసానితనం చేస్తాడా? నాకేం చేతుల్లేవా? చిలకల్ని తోలడానికి కూడా పరీక్ష ప్యాసవ్వాలా? అయితే నేను తప్పాను, తెలుసా నీకు? ఒకసారి కాదు, రెండుసార్లు తప్పాను!”

ఇంటి ముందు ఆ వచ్చిన మనిషి, పక్కింటివాళ్ళు, అందరూ విన్నారు. అవ్వ నన్ను ఎగాదిగా చూసింది.

“తప్పితే తప్పినావు. దానికి నా మీద అరుస్తావేంది?”

కొయ్యకున్న వడిసెల లాక్కుని చేనివైపు నడిచాను. రాళ్ళు విసిరే ఆ తాడు అంతకుముందు చేత్తో పట్టిందే లేదు. మంచె ఎక్కి చూస్తే అవ్వ నెత్తిన మూటతో కనుమ దారిన పోతోంది. సగం దూరం పోయి ఆగి, వెనక్కి తిరిగి కేకేసింది.

“పడమటి మూల నించి దిగుతాయి! ఆ పక్క కన్నుండనీ!”

నాకు పట్టలేనంత సంతోషమేసింది. ఆ ఊపులో వడిసెలలో రాయి పెట్టి, గిరగిరా తిప్పి వదిలాను. రాయి ముందుకు పోలేదు. వెనక్కి పోయి, మంచె కింద నీడలో అవ్వ ఎప్పుడూ ఉంచే నీళ్ళ కడవకు తగిలింది. కడవ భళ్ళుమంది. పక్కచేను మంచె మీద ఒక ముసలాయన ఉన్నాడు. నన్ను చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు.

“ఏంది అల్లుడా, పిట్టని కొట్టమంటే కడవని కొట్టినావు! అదేం పాపం చేసింది?”

“నవ్వు మామా, నవ్వు!” అని అరిచాను. సిగ్గుతో చచ్చిపోయాను.

“దప్పికైతే ఇట్ల రా, నీళ్ళు తాగిపో.”

దిగబోయాను. ఒక కాలు కింద పెట్టానో లేదో, పడమటి మూల చిలకలు వాలాయి. మళ్ళీ ఎక్కి కిరసనాయిలు డబ్బా మోగించాను, గొంతు చించుకున్నాను. లేచాయి. దిగబోతే మళ్ళీ వాలాయి. ఇక దిగలేదు. ఒక చిలకైతే కంకి మీద కూర్చుని, నన్నే చూస్తూ గింజ ఒలుచుకుని తింది. ఎంత పొగరు! మధ్యాహ్నం మామ భార్య కడవతో నీళ్ళూ, వరి అన్నమూ తెచ్చేదాకా నాలుక పిడచకట్టుకుపోయింది. పోతూ పోతూ కూడా అవ్వ ఆమెకు చుట్టాల కుండ అప్పజెప్పి పోయిందన్నమాట.

వడిసెల విద్య మామే నేర్పాడు, తన మంచె దిగకుండా కేకలతోనే. “ఎడమకాలు ముందుకెయ్! ఇడిసేటప్పుడు పిట్టని సూడు, రాయిని సూడబాక!” సాయంత్రానికి భుజం వాచింది. రెండోనాడు పొద్దున విసిరిన రాయి బుర్రుమంటూ చేను దాటి పోయింది, పడమటి మూల గుంపంతా ఒక్కసారి లేచి కొండకు మళ్ళింది. “అద్దీ!” అన్నాడు మామ. గుంటూరు కాలేజీలో ఎవరూ నన్నలా మెచ్చుకోలేదు.

ఆ రోజు పొద్దు వాలుతుండగా అవ్వ వచ్చింది. ఇంటికి కాదు, నేరుగా చేనికే. కూతురెలా ఉందని మంచె మీంచే అడిగాను. గొంతు బొంగురుపోయి మాట సరిగ్గా రాలేదు.

“ఆడబిడ్డ. ఇద్దురూ బాగుండారు” అంది. కళ్ళు మాత్రం కంకుల మీదే ఉన్నాయి. సాలు సాలూ తిరిగింది, అక్కడక్కడా గింజ గిల్లి పాలు చూసింది. నేను దిగి వెనకే నడిచాను. పరీక్ష ఫలితాలకు కూడా అంత భయపడలేదు. పడమటి మూలకు పోయి నిలబడి నడుం మీద చెయ్యి వేసుకుంది.

“ఈడ రెండు సాళ్ళు తినిపించినావే! కండ్లు యాడ పెట్టుకున్నావు? కడవ గూడా పగలగొట్టినావంట.”

అంతే. మెచ్చుకోలేదు, తిట్టింది. ఎనిమిది రోజుల్లో నన్ను ఒక్కసారీ తిట్టని మనిషి, ఇంటిదాకా తిడుతూనే నడిచింది. దారిలో ఎవరో, “చేను ఎవరు కాసినారక్కా?” అని అడిగారు. “మాయింటోడే” అంది.

రాత్రి నా ముందు పళ్ళెం పెట్టింది. అందులో జొన్నసంగటి ముద్ద, మధ్యలో గుంట చేసి ఊరిబిండి పచ్చడి. నా పక్కనే, నా వైపు తిరిగి తనూ కూర్చుంది. నేను పళ్ళేన్నీ ఆమెనీ మార్చి మార్చి చూశాను.

“ఏంది సూస్తావు? బియ్యం సుట్టాలకి. ఇంటోళ్ళకి ఇదే, తిను.”

తిన్నాను. మొదటి ముద్ద గొంతు దిగడానికి చాలాసేపు పట్టింది. అరిచి అరిచి గొంతు పుండైందనుకుని అవ్వ చెంబుతో నీళ్ళు అందించింది. అలాగే అనుకోనిచ్చాను.