అక్క తరఫున పెట్టిన సంతకాలు

ఆ రోజు పోయినవన్నీ ముందుగా రాస్తాను. టికెట్లు రెండు, ఒక్కొక్కటి నాలుగు వందల యాభై. ట్రాలీ ఆటోకు రానూపోనూ ఏడు వందలు. నాకు ఒక రోజు కూలి. అక్క మిషన్ మీద ఆగిపోయిన జాకెట్లు మూడు. వాటిలో ఒకటి పెళ్లికూతురిది కాబట్టి దానితోపాటు ఒక గిరాకీ కూడా పోయింది. అక్క బ్యాటరీ కుర్చీలో ఛార్జింగు చూపే ఐదు దీపాలకు నాలుగు ఆరిపోయాయి. గేటు నుంచి డ్యాషింగ్ కార్ల దాకా ఆరు వందల పది అడుగులు, దాన్ని నేను ఆరుసార్లు నడిచాను. పొద్దున పదిన్నర నుంచి సాయంత్రం నాలుగు వరకు ఐదున్నర గంటలు. వీటన్నిటినీ కలిపితే ఎంతవుతుందో నాకు తెలుసు. ఇన్నేళ్లయినా తగ్గని కోపం ఆ మొత్తం గురించి కాదు.

నేను చదివింది ఏడో తరగతి. ఆ తర్వాత నాకు లెక్కలు ఎవరూ నేర్పలేదు. శంషాబాద్ చుట్టుపక్కల మేస్త్రీల దగ్గర ఇటుకలు మోస్తూ, గోడను చూసి ఎన్ని ఇటుకలు పడతాయో చెప్పడం అలవాటు చేసుకున్నాను. విమానాశ్రయం వచ్చాక రోడ్డు పొడవునా కట్టడాలు లేచాయి. ఇసుక ఎన్ని ట్రిప్పులు, సిమెంటు ఎన్ని బస్తాలు అని కాంట్రాక్టర్లు నన్ను పిలిచి అడగడం మొదలుపెట్టారు. గది కనిపిస్తే ముందు పొడవు వెడల్పులు చూస్తాను. కాగితం కనిపిస్తే ముందు అంకెలు చూస్తాను. అంకెలు సరిపోతే అక్షరాల జోలికి పోను. ఆ అలవాటుకు నేను చాలా గర్వపడేవాణ్ణి.

అక్క నాకంటే ఆరేళ్లు పెద్దది. చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్లూ పడిపోయాయి. ముప్పై ఏళ్లు చంకకర్రల మీద శరీరాన్ని ఈడ్చి ఈడ్చి భుజాలు అరిగిపోయాక బ్యాటరీ కుర్చీ వచ్చింది. సాతంరాయిలో మా ఇంటి ముందు గదిలో జాకెట్లు కుడుతుంది. మిషన్‌కు మోటారు పెట్టించి, మీటను మోచేత్తో నొక్కేలా నేనే అమర్చాను. కుర్చీని కుడిచేతి కింద ఉన్న పుల్లలాంటి మీటతో నడుపుతుంది. వెనక్కి చూడకుండా గుమ్మంలోంచి వెనక్కి తీయగలదు. ఇంచు తేడా రాదు.

విమానాశ్రయం వచ్చిన నాలుగేళ్లకు, మాకు దగ్గర్లోనే ఆటల పార్కు ఒకటి తెరిచారు. అక్కడి డ్యాషింగ్ కార్లు ఒకదాన్నొకటి గుద్దుకునే వీడియోను ఎవరో గిరాకీ ఫోన్‌లో చూపించిందట. అన్నం తింటూ అక్క అంది:

"తమ్మీ, నన్ను చూస్తే అందరు పక్కకు జరుగుతరు. బర్రెలు గుడ జరుగుతయి. ఒక్కపారన్న ఎవరినన్న పోయి గుద్దాలెరా."

నవ్వుతూనే అంది. కానీ వారం తర్వాత మళ్లీ అంది. ఆ మాట మూడోసారి విన్నప్పుడు నేను లెక్క వేయడం మొదలుపెట్టాను. డ్యాషింగ్ కారు కాలితో తొక్కితేనే కదులుతుంది. కానీ ఒక్కో కారులో ఇద్దరు కూర్చోవచ్చు. స్టీరింగ్ అక్కది, తొక్కడం నాది. ఇంట్లో రెండు ప్లాస్టిక్ కుర్చీలు పక్కపక్కన వేసి, అక్క చేతికి స్టీలు పళ్లెం ఇచ్చాను. నా మోకాలి మీద ఒకసారి కొడితే పోనివ్వాలి, రెండుసార్లు కొడితే ఆపాలి. వారం రోజులు అలాగే సాధన చేశాం. "ఇద్దరికిద్దరు అంగన్వాడీల చేరున్రి" అని నా భార్య పళ్లెం లాక్కునేది.

పార్కుకు ఫోన్ చేసి అడిగాను కూడా. కుర్చీ రావచ్చా? రావచ్చన్నారు. లోపల మెట్లున్నాయా? కొన్నిచోట్ల ఉన్నాయన్నారు. ఒక్క ఆట ఎంతసేపు? నాలుగు నిమిషాలన్నారు. అడగాల్సినవన్నీ అడిగాననుకున్నాను.

శనివారం పొద్దున్నే ట్రాలీ ఆటోకు రెండు చెక్కలు వాలుగా వేసి కుర్చీని ఎక్కించాం. కుర్చీ బరువు తొంభై రెండు కిలోలు. దాన్ని తాళ్లతో కట్టి, నేను పక్కన కూర్చున్నాను. అక్క కుంకుమరంగు చీర కట్టుకుంది. గుద్దుకున్నప్పుడు జారకుండా కొంగును నాలుగు పిన్నీసులతో బిగించింది.

పార్కు టికెట్ల కౌంటర్ మూడు మెట్ల మీద ఉంది. అక్క కిందే ఆగింది. కౌంటర్‌లోని అమ్మాయి అక్క వైపు ఒకసారి చూసి నన్ను అడిగింది.

"పేషెంట్ ఏజ్ ఎంత సార్?"

కింద నుంచి అక్క గట్టిగా అంది: "నలభై తొమ్మిది. పేషెంట్ గాదు బిడ్డా, గిరాకీని."

క్యూలో వాళ్లు నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. మనుషులు లోపలికి పోయే తిరుగుడు గేటు వెడల్పు ఇరవై రెండు అంగుళాలు, కుర్చీ ఇరవై అయిదు. సామాన్ల గేటు నుంచి తీసుకుపోతానని కాపలాదారు అక్కను గోడ చుట్టూ తిప్పుకుని వెళ్లాడు. చెత్త బళ్లు వచ్చే దారి అది. వాళ్లు మలుపు తిరిగాక ఆ అమ్మాయి ఒక కాగితం నా ముందు పెట్టి, ఇంటూ గుర్తున్న చోట చూపించింది. టికెట్ల సంఖ్య సరిపోయింది, ధర సరిపోయింది, పన్ను సరిపోయింది, కూడిక సరిపోయింది. సంతకం పెట్టాను. చేతికి కట్టుకునే పట్టీలు రెండిచ్చింది, ఒకటి నీలం, ఒకటి పసుపు. పసుపుది ఆమెకు, అంది.

లోపల అక్క మణికట్టుకు పట్టీ కడుతుంటే అడిగింది, "నాదేంది పసుపున్నది?"

"ఆడోళ్లకు పసుపేమో" అన్నాను. తెలియని దాన్ని తెలియదనడం నాకు ఎప్పుడూ చేతకాలేదు.

డ్యాషింగ్ కార్ల దగ్గర ఒక మెట్టు ఉంది, తొమ్మిది అంగుళాలు. అక్కడ కార్లు నడిపించే మనిషికి నలభై దాటి ఉంటాయి, జల్‌పల్లి నుంచి వస్తాడట. మేము అడగకముందే ఎక్కడి నుంచో చెక్క పలక తెచ్చి వేశాడు. "అక్కా, గా ఎర్రదాంట్ల కూసోకు, ఎడమకు గుంజుతది. పచ్చది ఖతర్నాక్ ఉరుకుతది" అన్నాడు. అక్క పచ్చ కారు పక్కకు కుర్చీని తెచ్చి ఆపింది. నేను వంగి ఆమె చంకల కింద చేతులు పెట్టాను. అప్పుడు చూశాడతను ఆమె మణికట్టును.

"ఆగన్నా" అన్నాడు. గొంతు తగ్గించాడు. "పసుపు పట్టీ అంటే ఉత్తగ చూడనీకి వచ్చినోళ్లు. ఎక్కనీకి గాదు."

"చూడనీకి గుడ నాలుగు వందల యాభయ్యేనా?" అంది అక్క.

"గంతనే అక్కా. నాకైతే ఏం లేదు, గంటసేపు నడుపుకో అంట. కానీ పైన కెమెరా ఉన్నది. నా నౌకరీ పోతది."

కంచె లోపల ఇద్దరు కాలేజీ అమ్మాయిలు కార్లెక్కి కేకలు వేస్తున్నారు. ఇద్దరి చేతులకూ నీలం పట్టీలే. అక్క వాళ్లను చూసి నన్ను చూసింది.

"ఆడోళ్లకు పసుపంటివి గదరా."

నేను గేటుకు నడిచాను. గేటులో కార్లవాణ్ణి అడగమన్నారు. కార్ల దగ్గరకొస్తే గేటులోనే మార్చాలన్నాడు. మళ్లీ గేటుకు పోతే మేనేజర్‌ను కలవమన్నారు. ఆయన గది కార్ల పక్కనే, నాలుగు మెట్ల పైన. అక్క మళ్లీ కిందే. బయట ఎండ మండిపోతోంది. లోపల ఏసీలో ఆయన తెల్ల చొక్కా ఇస్త్రీ మడత కూడా చెదరలేదు.

"మీరే సంతకం పెట్టారు కదండీ" అన్నాడు కాగితం తీసి. "చూస్తే బాధ్యతగల మనిషిలాగే ఉన్నారు."

"సార్, మా అక్కకు కాళ్లు పనిచెయ్యవు. బుద్ధి మంచిగనే పనిచేస్తది."

"నేనూ అదే అంటున్నానండీ. బుద్ధిగా చూసుకోవాల్సిన పూచీ మీదని రాసిచ్చారుగా."

ఆ మర్యాద వింటుంటే నా చెవులు వేడెక్కాయి. ఆయన తిట్టినా బాగుండేది. ఇంకో మాట అనబోయేంతలో కింద నుంచి హారన్ మోగింది. కుర్చీకి చిన్న హారన్ ఉంటుంది, సందులో కుక్కలు అడ్డమొస్తే అక్క కొడుతుంది. ఆ రోజు నొక్కిన వేలు తీయలేదు. మోత ఆగకుండా వస్తూనే ఉంది. పాప్‌కార్న్ కొనేవాళ్లు తిరిగి చూశారు. మేనేజర్ మెట్లు దిగక తప్పలేదు.

"ఏంటండీ ఈ గోల? ఇక్కడ పిల్లలున్నారు" అన్నాడు నాతో. "ఆవిడకు కాస్త చెప్పండి."

"నాకు చెవులున్నయి సార్, నాకే చెప్పు" అంది అక్క. చెయ్యి చాపింది. "కాయితం ఇటియ్యి."

కాగితం మీద ఇంగ్లీషు కింద తెలుగులోనూ ఉంది. నాకు తప్పించుకునే దారి లేదు. అక్క కళ్లద్దాలు పెట్టుకుని, గిరాకీల కొలతలు చదివినట్టు నిదానంగా పైకి చదివింది. పై వ్యక్తి పూర్తి బాధ్యత నాది. పై వ్యక్తి ఏ ఆట పరికరమూ ఎక్కకుండా చూసుకునే పూచీ నాది. సంబంధం అన్న చోట ముందే అచ్చువేసిన మాట, సంరక్షకుడు. దాని పక్కన నా సంతకం, కింద గీతతో సహా.

"నా సంతకం ఏది?"

"మీది అవసరం లేదండీ."

"ఇప్పుడు పెడ్త. నా పూచీ నాదే అని రాసిస్త. పెన్నియ్యి."

"మాకు గార్డియన్ సంతకమే చెల్లుతుందండీ. మార్చాలంటే డాక్టర్ సర్టిఫికెట్ కావాలి, ఈ రోజు తేదీతో."

"ఇయ్యాల్టి తారీఖు ఏసే డాక్టర్ యాడుంటడు సార్? గా పాప్‌కార్న్ డబ్బ పక్కన కూసుంటడా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. మేనేజర్ ముఖం ఎర్రబడింది. చివరికి ఆయన జేబులోంచి రెండు కూల్‌డ్రింక్ కూపన్లు తీసి నా వైపు చాపాడు. అక్క వైపు కాదు, నా వైపు.

"గా కూల్‌డ్రింక్ గుడ మా తమ్ముడే తాగి సంతకం పెడతడా?" అంది అక్క. కుర్చీ తిప్పింది.

నేను అక్కడే నిలబడి అరిచాను. తిరుగుడు గేటు వెడల్పు అరిచాను, మెట్ల ఎత్తు అరిచాను, నాలుగు వందల యాభై అరిచాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. నా దగ్గరున్న అంకెలన్నీ వాడాను. అక్క అడిగిన ప్రశ్న మాత్రం నేను అడగలేదు. ఆమె సంతకం ఎందుకు అవసరం లేదని నేను అడగలేదు, ఎందుకంటే అది నాకు అప్పటిదాకా తప్పుగా తోచలేదు.

అక్క కుర్చీని మళ్లీ తాళ్లతో కట్టి ట్రాలీ ఆటోలో తిరుగుముఖం పట్టాం. పార్కును నాలుగు బూతులు తిట్టాను, తోడుగా తిడుతుందని. తిట్టలేదు. తల మీదుగా ఒక విమానం చాలా కిందికి దిగింది. ఆ చప్పుడు పోయేదాకా ఆగి అడిగింది.

"ఒరేయ్. నా పేరు మీద ఇప్పటిదాంక ఎన్ని సంతకాలు పెట్టినవ్?"

ఒక ట్రిప్పులో ఎన్ని తట్టల ఇసుక ఉంటుందో చెప్పగలను. మా ఇంట్లో ఎన్ని ఇటుకలున్నాయో చెప్పగలను. ఈ లెక్క మాత్రం ఎప్పుడూ వేయలేదు.

"లెక్కపెట్టేటివే గదా, కాయితాలన్ని బయటికి తియ్యి" అంది.

మరుసటి ఆదివారం రేకుపెట్టె దింపాను. బ్యాంకు, పింఛను, దవాఖాన, కరెంటు మీటరు, కుర్చీ అందినట్టు రసీదు. కాగితాలు దొరికినవీ, గుర్తున్నవీ కలిపి ఇరవై ఏడు. అన్నిటి మీదా నా సంతకమే, కింద గీతతో. అక్క జాకెట్ల లెక్క రాసే దస్తూరీ నా దస్తూరీ కంటే ఎంతో బాగుంటుంది. ఆ ఇరవై ఏడింటిలో ఒక్కదానికీ ఆమెను అడగలేదు. ఆఫీసులు మేడ మీద ఉండేవి, ఆమెను కింద ఆటోలో ఉంచి నేను పైకి పోయేవాణ్ణి, వాళ్లు తమ్ముడివా అనేవాళ్లు, అవునంటే పెన్ను ఇచ్చేవాళ్లు. అంత సులువు. ఆ సులువు మీద ఇప్పుడు నాకు ఒళ్లు మండుతుంది.

"ఒక్కొక్కటి చదువు" అంది అక్క. ప్రతి కాగితానికీ ఆమె రెండిట్లో ఒక తీర్పు ఇచ్చేది: పెట్టేదాన్ని, లేదా పెట్టకపోదును. పింఛనుకు పెట్టేదాన్నంది. మీటరుకు పెట్టేదాన్నంది. ఆరో కాగితం దగ్గర ఆగింది. వికలాంగుల కోటా కింద రోడ్డు మీద చిన్న దుకాణం గది ఆమె పేరున వస్తే, వద్దని రాసిచ్చిన కాగితం అది. అది వచ్చిన సంగతే ఆమెకు తెలియదు.

"ఇంటికెల్లి కిలోమీటరున్నర ఉండె" అన్నాను. "అప్పటికి కుర్చీ లేకుండె. ఎట్ల పోతవని..."

"కుర్చీ లేకుంటే మోసుకపోరా అని నిన్నడుగుదును. నువ్వు మోయనంటే ఆటో అడుగుదును. గది నా పరేషాన్. నాకు ఇయ్యకపోతివి గదరా."

అరవలేదు. అందుకే ఆ మాట నా మీద ఇప్పటికీ అలాగే ఉంది. పార్కు మేనేజర్ గురించి నేను పది మందికి చెప్పాను, అందరూ నా తరఫునే కోప్పడ్డారు. ఈ ఆరో కాగితం గురించి ఎవరికీ చెప్పలేదు.

ఆదివారానికి ఒకటి చొప్పున చదివి లెక్క తెంపుతూ వచ్చాం. కాగితం నా దగ్గర ఉన్నంతవరకు సులువే. నకలు లేని వాటికి పనిరోజున ఆఫీసుకు పోవాలి, ఒక్కోదానికి నెలలు పడుతుంది. మొదట ఒకచోటికి పోతే గుమాస్తా ఫైలు వెతికి, నకలు ఇవ్వడానికి దరఖాస్తు నా ముందు పెట్టాడు.

"ఆమె రాలేదుగా. తమ్ముడే కదా, మీరే పెట్టెయ్యండి సంతకం."

పెన్ను ఆయన చేతిలోనే వదిలేసి వచ్చాను. అప్పటి నుంచి అక్క వస్తేనే పోతున్నాం. కింద ఉన్న ఆఫీసు అయితే పని అవుతుంది. మేడ మీద ఉంటే కాగితం కిందికి తెచ్చేదాకా ఇద్దరం నిలబడతాం. నేను నిలబడతాను, ఆమె కూర్చుంటుంది. కొందరు తెస్తారు, కొందరు భోజనానికి పోతారు. వేరే పార్కులో డ్యాషింగ్ కార్లు ఉన్నాయట, పోదామా అని రెండుసార్లు అడిగాను.

"ముందుగాల గవి తెంపు" అంది రెండుసార్లూ.

ఇరవై ఏడింటిలో ఇప్పటికి పదహారు ఆమె ముందు చదివాను. ఇంకా పదకొండు ఉన్నాయి.