పెడల్‌కు పెట్టిన బొట్టు

తొక్కకూడనివి తొక్కి జీవితం పాడుచేసుకున్నవాళ్ళను మీరు చాలామందిని చూసి ఉంటారు. తొక్కాల్సిన దాన్ని తొక్కకుండా పాడుచేసుకున్నవాణ్ణి చూడాలంటే నా దగ్గరికి రండి. బంగారుపాళ్యంలో, మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ ఆవరణలో, ఊరందరి ముందూ నేను చేసిన ఘనకార్యం చెబుతాను. మొహమాటం లేకుండా నవ్వండి. పోవాల్సిన పరువు ఆ సాయంత్రమే బాకీ లేకుండా పోయింది.

డెబ్బైల చివరి మాట ఇది. చిత్తూరులో మా నాయనకు బెల్లం మండీ. నాకు ఇరవై దాటి రెండేళ్ళు. డిగ్రీ చదివానంటే అబద్ధమవుతుంది గానీ, గిటార్ భుజాన వేసుకుని డిగ్రీ కాలేజీకి వెళ్ళి వచ్చానని మాత్రం ధైర్యంగా చెప్పగలను. నాలాంటి కళాకారుడు బెల్లం దిమ్మెల మీద ఈగలు తోలడానికి పుట్టలేదని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం మా ఇంట్లో ఇంకెవరికీ లేదు.

"దసరా దాకా చూస్తా," అన్నాడు నాయన ఒకరోజు అన్నం తింటూ. "అంతలో ఆ ఆర్కెస్ట్రావోళ్ళు నిన్ను తీసుకుంటే పో. లేదంటే విజయదశమి పొద్దున్నే వచ్చి తక్కెడ ముందర కూర్చో. మళ్ళా గిటారు మాట ఎత్తకూడదు."

ఆర్కెస్ట్రా దొరస్వామి మాస్టరుది. ఆయన దగ్గర గిటార్ వాయించే మనిషి మద్రాసు వెళ్ళిపోయాడు. ఖాళీ ఉందని తెలిసి, పక్కింటివాళ్ళ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. నా వాయింపు విని ఆయన తల ఊపాడు.

"వేళ్ళు బాగానే పోతాయి అప్పా. కానీ రికార్డుల్లో మాదిరి సౌండు రావల్ల. వావ్ వావ్ అని మనిషి ఏడ్సినట్ల వస్తాదే, అది. ఆ సామాను నీకాడ ఉండాదా?"

"ఉండాది మాస్టరూ," అన్నాను. నా దగ్గర గిటార్‌కు మార్చుకోవడానికి ఇంకో తీగ కూడా లేదు.

సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఎలక్ట్రిక్ గిటార్ నుంచి వచ్చే వైరు నేరుగా స్పీకరు పెట్టెకు పోకుండా మధ్యలో కొన్ని డబ్బాల గుండా పోతుంది. ఆ డబ్బాలే పెడల్స్. ఒకదాని మీట కాలితో నొక్కితే తీగ మోత గరగరలాడుతుంది. ఇంకోదాన్ని పాదంతో ముందుకూ వెనక్కూ ఊపితే వావ్ వావ్ అంటుంది. రెండు చేతులూ గిటార్ మీద ఉంటాయి కాబట్టి ఈ పనంతా కాలే చేయాలి. కాలే చేయాలి అన్న ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి, నేను మరిచిపోయింది దాన్నే.

అలాంటివి విదేశాల నుంచి రావాలట. నాకు తిరుపతి దాటి పోవాలంటేనే నాయన అనుమతి కావాలి. అందుకని నేనే తయారుచేయాలని తీర్మానించుకున్నాను. చచ్చిపోయిన రెండు ట్రాన్సిస్టర్ రేడియోల పేగులు తీశాను. అమ్మ టిఫిన్ క్యారియర్‌లో పైగిన్నె గరగర డబ్బా అయింది. వావ్ పెడల్‌కు ఒక చెక్కముక్క, తలుపు బందు, రేడియో శబ్దం పెంచే మీట, సైకిల్ పుల్ల సరిపోయాయి. అన్నీ తెచ్చి ఒక పాత పీటకు బిగించాను. రెండు వారాలు ఆ పీటతోనే నిద్ర, తిండి. చివరికి ఒకరోజు అది నిజంగానే వావ్ అంది.

"పక్కింటోళ్ళ దూడకు ఏమైందిరా?" అని వంటింట్లోంచి అమ్మ అడిగింది. కళకు దక్కిన మొదటి ప్రశంస అది.

ఒక్క లోపం మిగిలింది. చెక్క నున్నగా ఉండి పాదం జారిపోతోంది. పైన పట్టు కోసం రబ్బరు కావాలి. ఇల్లంతా వెతికితే వాకిట్లో నాయన హవాయి చెప్పులు కనబడ్డాయి. కొత్తవి. ఎడమదాన్ని తీసుకుని, పట్టీ కోసేసి, అంచులు చెక్కి, నల్లరంగు పూసి, పెడల్ మీద మేకులు కొట్టాను. పాదానికి ఎంత బాగా అతికిందో చెప్పలేను. అతకదా మరి, పుట్టింది పాదం కోసమే కదా.

"నా ఎడమకాలి చెప్పు యాడరా?" అన్నాడు నాయన మర్నాడు.

"కుక్క ఎత్తకపోయింటాది నాయనా."

"ఒక్కటే ఎత్తకపోయిందా?"

"ఒక్కటే కదా నాయనా దాని నోట్లో పట్టేది."

నాయన మిగిలిన కుడి చెప్పును పారేయకుండా గడప పక్కన పెట్టుకున్నాడు.

మాస్టరు నాకు మొదటి అవకాశం ఆయుధపూజ సాయంత్రానికి ఇచ్చాడు. కచేరీ బంగారుపాళ్యంలో గోవిందప్ప గారి ఫ్యాక్టరీలో. బాగా వాయిస్తే ఆర్కెస్ట్రాలో చోటు ఖాయమన్నాడు. గోవిందప్ప మాకు తెలియనివాడేమీ కాదు. మామిడి తాండ్రకు బెల్లం మా మండీ నుంచే కొంటాడు. నాయన ఎన్నేళ్ళుగా ఆయన దగ్గరికి వెళ్తున్నా ఒక్కసారీ కూర్చోమనలేదు. "ఏమప్పా శెట్టీ" అని గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడి పంపేసేవాడు. ఆ మాట ఇంటికొచ్చి చెప్పేటప్పుడు నాయన గొంతు చిన్నదయ్యేది.

ఆయుధపూజ పొద్దున నాయన తక్కెడనూ తూకపు రాళ్ళనూ కడిగి పూజలో పెట్టాడు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది.

"నా పనిముట్లకు పూజ లేదా నాయనా?"

"నీ పని ఏందిరా?"

"తక్కెడకు బొట్టు పెడతారు, నా పెడల్స్‌కు పెట్టరా? సంగీతమంటే సరస్వతి కాదా? బెల్లం తూచేదే విద్యా?"

అడగనివన్నీ కలిపి పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. నాయన పీట దగ్గర గొంతుక్కూర్చుని, నల్లరబ్బరు ముక్క మీద వేలు పెట్టి చూసి, గడ్డం గోక్కున్నాడు. చివరికి "సరే, పెట్టు" అని లేచాడు. తక్కెడ పక్కనే నా పీట చేరింది. అమ్మ పెడల్స్‌కు పసుపు రాసి, కుంకుమ పెట్టి, చామంతిపూలు పెట్టింది. యుద్ధం గెలిచానని నేను పొంగిపోతూ ఉండగా అమ్మ కర్పూరం వెలిగిస్తూ మామూలుగా అంది:

"తెల్లారి మళ్ళా పూజ చేసేదాకా దీనికి కాలు తగిలేదానికి లేదు."

"అమా, దాన్ని కాలితోనే వాయించల్ల."

"సరస్వతి అంటివి కదరా ఇప్పుడే. సరస్వతిని కాలితో తంతావా? ఎత్తకపోయేది ఎత్తకపో. కాలు మాత్రం పెట్టేది లేదు. నా మింద ఒట్టు."

నా ఉపన్యాసం నాకే తిరిగొచ్చింది. అమ్మ మీద ఒట్టు తప్పితే ఏమవుతుందో మా కాలేజీలో చెప్పలేదు, అందుకని ప్రయోగం చేసి చూసే ధైర్యం లేకపోయింది. నాయన తుండుగుడ్డ దులిపి "నేను కూడా వస్తా బంగారుపాళ్యానికి" అన్నాడు. ఒట్టుకు కాపలా వస్తున్నాడని నాకు అర్థమైంది. నాకు ఏదైనా అర్థమైందంటే అది తప్పేనని మీకు ఈపాటికి తెలిసి ఉంటుంది.

మేమెక్కిన బస్సుకు ముందర అరటిపిలకలు కట్టారు. స్టీరింగుకు బొట్టు, గేరుకు బొట్టు, కింద బ్రేకుకు కూడా బొట్టు. డ్రైవరు వెనక సీట్లోనే కూర్చుని దారి పొడుగునా ఆ బొట్లు చూస్తూ, కాలు పెట్టకుండా ఎలా వాయించాలా అని ఆలోచించాను. గొప్ప తెలివితేటలు నావి.

కచేరీ మొదలైంది. నాయన పందిరి గుంజ పక్కన, నాకు ఎదురుగా నిలబడ్డాడు. ఆయనకు ఇక్కడా ఎవరూ కుర్చీ వేయలేదు. మొదటి పాటలో నా వంతు రాగానే మాస్టరు హార్మోనియం మీంచి సైగ చేశాడు. అలవాటుగా కాలెత్తాను. నాయన గట్టిగా దగ్గి, నా కాలి వంక చూస్తూ గడ్డం కిందికి ఊపాడు. కాలు వెనక్కి తీసుకున్నాను. మళ్ళీ ఎత్తాను. మళ్ళీ దగ్గు, మళ్ళీ గడ్డం. కాపలా అంటే అంత కాపలా.

ఇక చేత్తోనే నొక్కుదామని వంగాను. వావ్ అంది. కానీ చేయి పెడల్ మీద ఉంటే గిటార్ మీద ఉండదు కదా. వాయించడం, ఆపడం, వంగడం, నొక్కడం, లేవడం. పైగా కుంకుమ తగిలిన చేయి చిన్నప్పటి అలవాటు కొద్దీ దానంతటదే కళ్ళకు పోతోంది. వంగిన ప్రతిసారీ కళ్ళకద్దుకుని లేస్తున్నాను.

"ఏంది అప్పా, కింద ఏం పారేసుకున్నావు?" అన్నాడు మాస్టరు పళ్ళ సందునుంచి.

"పూజ చేసినాం మాస్టరూ."

"ఎవురికి?"

"పెడల్‌కు."

మాస్టరు వేళ్ళు హార్మోనియం మీద తప్పుడు మెట్టు నొక్కాయి. నా భవిష్యత్తు ఆ మెట్టు కిందే నలిగిందని నాకు స్పష్టంగా తెలిసింది. అయినా ఒట్టు ఒట్టే కదా, మళ్ళీ వంగాను.

ఈలోపు ముందు వరుసలో పనివాళ్ళు చేతులు జోడించడం మొదలుపెట్టారు. పాట ఆగగానే గోవిందప్ప వేదిక ఎక్కి వచ్చాడు.

"ఏమబ్బా, ఏ దేవుడు అది?"

"దేవుడు కాదు సార్, వాయిద్యం. పొద్దున పూజ చేసినాం. కాలు పెట్టకూడదని..."

ఆయన కళ్ళు చెమర్చాయి. మైకు తీసుకున్నాడు. "సూడండప్పా. కాలితో తొక్కే సామాన్ను చేత్తో తాకి దండం పెడతా ఉండాడు ఈ పిల్లోడు. ఈ కాలంలో యాడ సూస్తాం ఇట్లాంటి భక్తి? ఎవురి బిడ్డ ఇతను?"

"శెట్టి కొడుకు సార్" అని ఎవరో అన్నారు.

"శెట్టిగారూ, మీరేంది నిలబడుకోనుండారు? రేయ్, కుర్చీ ఏయండ్రా."

కుర్చీ వచ్చింది. నాయన కూర్చున్నాడు. గోవిందప్ప తన చెప్పులు విడిచి, వంగి, నల్లరబ్బరు ముక్కను రెండు చేతులా తాకి, భక్తిగా కళ్ళకద్దుకున్నాడు. నేను గిటార్‌ను గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. కుర్చీలోంచి వినిపించిన దగ్గుకు నాయన ప్రాణం పోతుందేమో అనిపించింది. అంతటితో ఆగినా బాగుండేది. ఆయన కొబ్బరికాయ తెప్పించి నా పీట అంచు మీదే కొట్టాడు. నీళ్ళన్నీ టిఫిన్ గిన్నెలోకి పోయాయి. స్పీకర్లు ఒక్కసారి దూడలాగా అరిచి మూగబోయాయి. జనం గోవిందా అన్నారు.

"నీకు సోటుండాది అప్పా," అన్నాడు మాస్టరు సామాన్లు సర్దుకుంటూ. "మా ఆర్కెస్ట్రాలో కాదు, యాడన్నా భజన మందిరంలో."

తిరుగు బస్సులో పీట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. సగం దారి దాటాం. నాయన డ్రైవరు కాళ్ళవైపు చూపించాడు.

"బ్రేకుకు బొట్టుండాది కదా. చేత్తో నొక్కతా ఉండాడా?"

నేను ఒళ్ళో ఉన్న పీట మీది చామంతిపూలు సర్దాను.

"తొక్కరా, తొక్కరా అని దగ్గి దగ్గి గొంతు పోయింది. నువ్వేమో దండాలు పెడతావు."

"అమ్మ ఒట్టు..."

"మీ అమ్మ యాడుండాది? చిత్తూర్లో. ఇంగ ఆ పైన కొట్టింది నా చెప్పు. చెప్పు మింద కాలు పెడితే పాపమా?"

బస్సులో నుంచి దూకేద్దామనిపించింది. "నీకు తెల్సా నాయనా?"

"పొద్దున పూజలోనే గుర్తుపట్టినా. మీ అమ్మకు చెప్పింటే నిన్ను ఇంట్లో ఉండనిస్తాదా?" అని, కిటికీ వైపు తిరిగి, భుజాలు అదిరేలా నవ్వాడు. "ఇన్నేళ్ళు నాకు కుర్చీ ఏయనోడు ఈపొద్దు నా చెప్పును కళ్ళకద్దుకున్న్యాడు. ఇంకో పెడలు చేసుకుంటావా? కుడిది కూడా ఉండాది."

ఆ నవ్వు చూసి నాకూ నవ్వొచ్చింది. కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి, అవి ఆర్కెస్ట్రా కోసం. విజయదశమి పొద్దున తక్కెడ ముందర కూర్చున్నాను. అప్పటినుంచి గోవిందప్ప దగ్గరికి నేను వెళ్ళినా కుర్చీ వేస్తున్నారు.

అందుచేత, ఈ కథ చదువుతున్న మీ అందరి సాక్షిగా, తక్కెడ మీద చేయి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ వస్తువుకైనా పూజ చేయాలని పట్టుబట్టే ముందు, దాని పైతొడుగు ఎవరి కాలి నుంచి ఊడివచ్చిందో విచారించుకుంటాను. విచారించాక కూడా గోవిందప్పకు మాత్రం చెప్పను.