బాల్కనీలో నేను, లోపల బాబు

మాది కోరుట్ల. మావారి ఉద్యోగం వల్ల షార్జాలో ఉంటున్నాం. ఒకరోజు ఉదయం పొయ్యి మీద పప్పు పెట్టి, బట్టలారేయడానికి బాల్కనీలోకి వెళ్లాను. రెండేళ్ల మా బాబు ఆడుతూ లోపలి నుంచి గడియ పెట్టేశాడు. తీయడం వాడికి రాదు. నా ఫోన్ లోపలే ఉంది. అద్దం మీద ఎంత కొట్టినా వాడు ఆటనుకుని నవ్వుతున్నాడు. ఇంతలో వంటింట్లోంచి పొగ మొదలైంది.

నాలుగో అంతస్తు నుంచి కిందికి చూస్తూ, వచ్చిన కాస్త హిందీ కూడా మరిచిపోయి, "అయ్యో, పిల్లగాడు లోపల గడె పెట్టిండు! ఎవలన్న రాండ్రి!" అని అరిచాను.

రోడ్డు పక్కన చెట్లకు నీళ్లు పెడుతున్న ఒకాయన తలెత్తి, "ఏడ్వకు అక్కా, నేనస్తున్న!" అన్నాడు. పైపు అక్కడే పడేసి, వాచ్‌మన్‌ను వెంటబెట్టుకుని మారు తాళంచెవితో పరుగున వచ్చాడు. పొయ్యి ఆర్పి, బాబును ఎత్తుకుని నాకు తలుపు తీశాడు.

ఆయనది మా కోరుట్ల దగ్గరి రుద్రంగి అట. బాబును వెంటనే నా చేతికివ్వలేకపోయాడు. "మా బిడ్డ గూడ గింతే ఉంటది అక్కా. పుట్టినప్పటి సంది ఫోన్ల చూసుడే, ఎత్తుకోలే" అన్నాడు.

పరాయి దేశంలో మనకెవరున్నారని అంతకుముందు ప్రతిరోజూ బెంగపడేదాన్ని. ఇప్పుడు ఆయనకు సెలవుండే ప్రతి శుక్రవారం మా ఇంట్లో ఒక కంచం ఎక్కువ పెడుతున్నాను.