బుధవారం ఏ దేవునిది? వనపర్తి నుంచి గద్వాలకు సైకిల్ మీద

నాకు వనపర్తిలో చిన్న కుట్టు షాపు ఉంది. గద్వాలలో ఉండే నా చెల్లెలు సుగుణ పోయిన నెల జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చింది. సన్నబడ్డానని సంబరపడిపోతోంది. టేపు పెట్టి చూస్తే చేతుల చుట్టుకొలత బాగా తగ్గింది, నడుము మాత్రం పాత కొలత దగ్గరే ఉంది. కొవ్వు కంటే కండే ఎక్కువ కరిగిందని నాకు అనుమానం వచ్చింది. ఆ తర్వాత ఆమె భర్త, మా మరిది, ఫోన్ చేశాడు.

"వంటింట్ల కండ్లు తిరిగి పడ్డది వదినె. తినుమంటే ఒక్కపొద్దంటది. సోమవారం శివునికి, మంగళవారం ఆంజనేయునికి, శనివారం ఎంకన్నకు. దేవుని పేరు చెప్తే నేనేమనాలె?"

మా దిక్కు ఇదే చిక్కు. డైటింగ్ అంటే నలుగురూ తిడతారు, ఒక్కపొద్దు అంటే దండం పెడతారు. రోజుకు ఒక్క పూట తిని సన్నబడడానికి సుగుణ రోజుకో దేవుణ్ణి అడ్డం పెట్టుకుంది. నాకు ఒళ్ళు మండింది. బుధవారం పొద్దున్నే సైకిల్ తీశాను.

ముందే చెబుతున్నాను, నేను సన్నగా ఉండను. రెండేళ్లుగా తొక్కుతున్నా కాంటా కొద్దిగానే దిగింది. కానీ నా జాకెట్లు నేనే రెండుసార్లు లోపలికి కుట్టుకున్నాను, షుగర్ అదుపులోకి వచ్చింది, మెట్లెక్కితే ఆయాసం లేదు. వ్యాయామం ఒక్కటే కిలోలకు కిలోలు కరిగిస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి, తిండి కూడా చూసుకోవాలి. అలాగని కడుపు మాడ్చుకుంటే ఒళ్ళు పిసినారిదైపోతుంది. ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చు పెట్టే శక్తిని కూడా తగ్గించుకుంటుంది. జీవక్రియ నెమ్మదించడమంటే అదే. పైగా కండ పోతే ఆ ఖర్చు ఇంకా పడిపోతుంది.

ఆరింటికి బయలుదేరితే ఆత్మకూరు చేరేసరికి ఎనిమిదిన్నర దాటింది. ఇడ్లీ, టీ కలిపి యాభై రూపాయల్లోపే. పక్కనే ఆటో ఆపుకున్నతను నన్నూ సైకిల్‌నూ మార్చి మార్చి చూశాడు.

"సైకిల్‌కు పాపం తగుల్తదక్కా, దిగి ఆటో ఎక్కరాదు."

"నీ ఆటో ఎక్కితే నీ టైర్లకు తగుల్తది. పోనియ్."

అక్కడి నుంచి జూరాల దారి పట్టాను. ప్రాజెక్టు దగ్గర చేపలు వేయించి అమ్ముతారు, ప్లేటు వంద పైచిలుకు. వేయించే ఆమె నా చెమట చూసి నవ్వింది. "గింత కష్టపడి తొక్కుతవ్, మల్ల చేపలు తింటవ్. సన్నం ఎట్లైతవక్కా?"

"సన్నం కానీకి తొక్కుతలేను. తొక్కనీకి తింటున్న," అన్నాను.

"గట్లైతే ఇంకో ముక్క తిను," అని వేసింది. తిన్నాను. కట్ట దాటి, ధరూర్ మండలం పత్తి చేల మధ్య నుంచి గద్వాల చేరేసరికి మధ్యాహ్నమైంది.

సుగుణ తలుపు తీసి గుమ్మం పట్టుకునే నిలబడింది. ముఖంలో నెత్తురు లేదు.

"గింత ఎండల సైకిల్ మీద వచ్చినవా అక్కా? పిచ్చి లేసిందా?"

"ఆకలైతుంది. అన్నం పెట్టు, ఇద్దరం తిందాం."

"నాకు ఒక్కపొద్దు."

"బుధవారం ఏ దేవునిదే?"

గోడ వైపు చూసింది. "వినాయకునిది."

గోడ మీద ఆయన పటమే ఉంది. చేతిలో కుడుములు, ముందర అంత బొజ్జ. "పొట్ట తగ్గాలని పోయి పోయి ఈయనకు మొక్కినవా?" అన్నాను. నవ్వు ఆపుకోవాలని చూసింది, ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది.

"అత్తమ్మ నలుగురిల ఏనుగంటది అక్కా. ఒక్కపొద్దుంటే ఎవ్వలు ఏమనరు."

"అననియ్. ఈయన ముఖం ఏనుగుదే కదా. ఏ పూజల్నన్న మొదటి దండం ఎవరికి పెడ్తరే? నువ్వు తినకుంటే నేను గిట్లనే ఎనక్కి తొక్కుకుంట పోత."

ఇంటికొచ్చిన అక్క పస్తుతో పోతానంటే ఏ చెల్లెలు ఊరుకుంటుంది? రెండు కంచాలు పెట్టింది. అన్నం, పప్పు, చెరో రెండు గుడ్లు. సగం తిన్నామో లేదో వాళ్ళ అత్తమ్మ వచ్చింది. "ఏందే, ఒక్కపొద్దు ఇడిసినవా?" అంది. సుగుణ నా వైపు చూడలేదు. ముద్ద కలుపుతూనే జవాబు చెప్పింది.

"ఇడిసిన అత్తమ్మా. ఆకలైంది."

సాయంత్రం సుగుణను దవాఖానలో చూపించాను, ఎందుకు పడిపోయిందో తెలియాలి కదా. సరిగ్గా తినకనే అన్నారు. పోయిన కండ ఒక్క పూట అన్నంతో తిరిగి రాదు. వేళకు తినాలి, పప్పూ గుడ్డూ పెరుగూ ఉండాలి, నడవాలి, బరువులెత్తాలి, నెమ్మదిగా తగ్గితే తగ్గుతుంది, లేకపోతే లేదు. నేను దేవుడికి ఎదురు తిరగడం లేదు, శనివారం నేనూ ఒక్కపొద్దు ఉంటాను. ఎవరో ఏదో అన్నారని ఆడది తన ఆకలిని దేవుడి చాటున దాచుకోవడమే నాకు సహించదు.

ఈ దారిన వచ్చేవారికి ఒక్క మాట: జూరాల కట్ట మీద ఎదురుగాలి బలంగా ఉంటుంది, ఎక్కేముందు కడుపు నిండా తినండి. ఆ గాలికి ఒక్కపొద్దు సంగతి తెల్వదు.